పెద్దతాతయ్య కాగితాలు: ఒక మాజీ ఎమ్మెల్యే దస్త్రాలను సర్దుతున్న ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా పెద్దతాతయ్య 1955 ఫిబ్రవరి ఎన్నికల్లో పల్నాడు నుంచి ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1962 దాకా సభ్యుడిగా ఉన్నారు. ఒక్కసారి గెలిచి ఏడేళ్లు ఎలా ఉన్నారని, ఈ పనిలో సాయపడుతున్న మా డిగ్రీ కాలేజీ పిల్లలు రాగానే అడిగారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతానికే జరిగాయి. 1955లో గెలిచిన ఆంధ్ర ప్రాంతపు సభ్యులు అదే గెలుపు మీద కొత్త సభలో కూర్చున్నారు. అందుకే తొలి కట్టల్లో కర్నూలు చిరునామాలు, ఆ తర్వాతివాటిలో హైదరాబాదు చిరునామాలు కనిపిస్తాయి.

ఉన్న సరుకు ఇది. మూడు ట్రంకు పెట్టెలు, ఒక చెక్క బీరువా, అటక మీది గోనె సంచి. వాటిలో అర్జీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, సభలో వేసిన ప్రశ్నల కార్బన్ నకళ్లు, ఎన్నికల కరపత్రాలు, జేబు డైరీలు, శిస్తు రసీదులు, మా పెద్దమామ్మ రాసిన జమాఖర్చుల పుస్తకాలు. ఊళ్లో పాత ఇల్లు అమ్మేస్తున్నారు. పెద్దపెద్ద నాయకుల సంతకాలున్న ఉత్తరాలు, ఫొటోలు తీసి దాచుకుని, మిగతా అర్జీల చెత్తంతా పాతకాగితాలవాడికి తూకానికి వేద్దామని కుటుంబంలో కొందరి మాట. సరిగ్గా అక్కడే నేను అడ్డుపడ్డాను. మంత్రులు రాసిన ఉత్తరానికి నకలు సచివాలయంలోనో, మరో నాయకుడి ఇంట్లోనో దొరకవచ్చు. బావి పూడిపోయిందని ఒక మాలపల్లె వాళ్లంతా వేలిముద్రలు వేసి పంపిన కాగితానికి రెండో ప్రతి ఎక్కడా ఉండదు. ఈ ప్రాజెక్టులో ముందు కాపాడవలసినవి అర్జీలే.

కాగితాల సొంతదారు మా అత్తయ్య, పెద్దతాతయ్య గారి అమ్మాయి. ఎనభై దాటారు. ఆమె ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు, దాని సంగతి తర్వాత రాస్తాను.

జూన్, మూడో వారం

తొలకరి పడకముందే పెట్టెలన్నీ ఊరి నుంచి నరసరావుపేట తెచ్చేశాం. తేమ మొదలైతే కాగితం మెత్తబడుతుంది, బూజు పడుతుంది. మేడ మీది ఉత్తరపు గది ఎంచుకున్నాం, ఎండ నేరుగా తగలదు. పాత కాగితాలను ఎండలో ఆరబెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది గానీ సిరా వెలిసిపోతుంది, కాగితం పెళుసెక్కుతుంది. నీడన, ఫ్యాను గాలికి ఆరనిస్తే చాలు.

గోనె సంచిలో చెదలు దొరికాయి. దాన్ని గదిలోకి రానివ్వకుండా వసారాలోనే విప్పాం. మట్టిగూళ్లు మెత్తటి బ్రష్షుతో దులిపి, బతికున్న పురుగు జాడ ఉన్న కట్టలను ప్లాస్టిక్ సంచుల్లో గాలి చొరకుండా మూసి వేరుగా పెట్టాం. కలరా ఉండలు వేద్దామన్నారు పిల్లలు. వద్దన్నాను. ఆ వాసన గదిలో పనిచేసే మనుషులకు మంచిది కాదు, కాగితాన్నీ వదలదు.

ఇంతకన్నా ముఖ్యమైన నిర్ణయం వరస గురించి. అన్నీ విప్పేసి తేదీల ప్రకారం పేరుస్తామని పిల్లల ఉత్సాహం. కట్టు విప్పేముందు ప్రతి కట్టకూ ఫొటో తీయాలి, కట్టలో ఏ కాగితం మీద ఏది ఉందో అదే వరసలో నంబరు వేయాలి, ఒక్క కాగితం కూడా ఒక కట్టలోంచి మరో కట్టలోకి వెళ్లకూడదు అని నియమం పెట్టాను. ఎవరి దగ్గర పుట్టిన కాగితాలు వాళ్ల పేరుతో, వాళ్లు ఉంచుకున్న వరసలోనే ఉంచాలన్నది దస్త్రాల శాలల్లో అందరూ పాటించే మూలసూత్రం. తేదీల వరస కంప్యూటరులో ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు. ఆయన కట్టిన వరస ఒకసారి చెదిరితే మళ్లీ రాదు.

నంబర్లు మెత్తటి పెన్సిలుతో, వెనకవైపు కింది మూలన. బాల్‌పెన్ను గదిలోకే తేవద్దన్నాను.

జూలై, రెండో వారం

పిన్నుల పని. ఎంత విసుగ్గా ఉంటుందో అంత అవసరం. గుండుసూదులు తుప్పుపట్టి కాగితానికి అతుక్కుపోయాయి. లాగితే చిరిగిపోతుంది. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, దాని మీద సూదిని మెల్లగా కదిపి తీస్తున్నాం. తుప్పు మరక అలాగే ఉంటుంది, ఉండనివ్వాలి. అప్పట్లో ఏ కాగితం దేనికి జతచేశారో చెప్పే గుర్తు అది. పిన్ను తీసినచోట కొత్త పిన్ను, స్టేప్లరు, రబ్బరుబ్యాండు ఏదీ పెట్టకుండా, జతగా ఉన్నవాటిని ఆసిడ్ లేని కాగితం మడతలో ఉంచుతున్నాం.

పత్రికల కత్తిరింపులు పక్కనున్న కాగితాలను కూడా పాడుచేశాయి. న్యూస్‌ప్రింటులో ఆమ్లం ఎక్కువ. ఒక ఉత్తరం నడుమ కత్తిరింపు ఆకారంలోనే గోధుమరంగు అచ్చు పడింది. కత్తిరింపులను వేరే కవరులో పెట్టి, అవి ఉన్నచోట ఒక చీటీ ఉంచుతున్నాం.

చిరిగిన ఉత్తరాలు లామినేషన్ చేయిద్దామని ఇంటికొచ్చిన బంధువొకరు సలహా ఇచ్చారు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరింట్లోనైనా పాత కాగితాలుంటే దయచేసి ఆ పని చేయించకండి. వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్కును మళ్లీ విడదీయలేరు, కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి పని చేసుకుపోతుంది. సెల్లోటేపు కూడా అంతే, జిగురు పసుపెక్కి సిరాలోకి దిగుతుంది. చిరుగులకు పల్చటి జపాన్ టిష్యూ కాగితం, గోధుమ స్టార్చ్ జిగురు వాడాలి, నీటితో మళ్లీ ఊడదీయగలిగేలా. ఈ పని చేతకాని చోట ఏమీ అంటించకుండా మడతలో భద్రంగా పెట్టడం మేలు. మేం ఎక్కువగా అదే చేస్తున్నాం.

కట్టలను చుట్టడానికి పాత నూలు గుడ్డలు వాడుతున్నాం, గంజి పోయేదాకా ఉతికించి. గంజి ఉంటే పురుగు వస్తుంది.

జూలై, ఆఖరు

వరస రహస్యం తెలిసింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

రెండో ట్రంకు పెట్టెలోని అర్జీల కట్టలు ఊళ్ల పేర్లతో ఉన్నాయి. అక్షరక్రమం కాదు. తాలూకా ప్రకారం కూడా కాదు. పిడుగురాళ్ల వైపు ఊళ్లు, తర్వాత నడికుడి, గురజాల, రెంటచింతల, చివరికి మాచర్ల. కొన్ని ఊళ్లు పటంలో పక్కపక్కనే ఉన్నా కట్టల్లో దూరంగా ఉన్నాయి. అత్తయ్యను అడిగితే వెంటనే చెప్పారు: "నాన్న గుంటూరు నుంచి మాచర్ల బండెక్కేవారు కదమ్మాయ్. ఏ స్టేషనులో దిగితే ఆ స్టేషనుకు వచ్చిన ఊళ్లవాళ్ల కాగితాలు చంకలో ఉండాలి."

అది అప్పటి మీటరుగేజి లైను. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల, మాచర్ల. కట్టల వరస ఆ స్టేషన్ల వరసే. ఒక ఊరివాళ్లు నడిచో బండి కట్టుకునో ఏ స్టేషనుకు చేరతారో ఆ స్టేషను కింద ఆ ఊరు పడింది. మధ్యలో వాగు ఉన్న ఊరు, దగ్గరి స్టేషను కింద కాకుండా దూరపు స్టేషను కింద ఉండటానికి కారణం అదే అయ్యుంటుంది. తేదీల ప్రకారం పేర్చి ఉంటే ఒక ఎమ్మెల్యే తన నియోజకవర్గంలో ఎలా తిరిగారో చెప్పే ఈ ఆధారం పోయేది. పిల్లలు ఇప్పుడు నాకన్నా పట్టుదలగా కట్టలు కాపలా కాస్తున్నారు.

ఊళ్ల చిరునామా రాసేటప్పుడు పాత తాలూకా, ఇప్పటి మండలం రెండూ రాస్తున్నాం. 1985లో మండలాలు వచ్చాయి, 2022లో గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లా విడిపోయింది. అర్జీలో ఉన్న పేరు మార్చకుండా అలాగే ఉంచి, ఇప్పటి పేరు పక్క గడిలో వేస్తున్నాం. తన తాత ఊరి పేరుతో వెతికేవాళ్లకు రెండు పేర్లలో ఏది తెలిసినా దొరకాలి.

ఆగస్టు, మొదటి వారం

స్కానింగు. ఇంట్లో ఉన్న ఏ4 స్కానరు పనికిరాదని తేలింది. అర్జీలు దాదాపు అన్నీ ఫుల్‌స్కేప్ కాగితాలు, పొడవు 13 అంగుళాలు. ఏ4 అద్దం 11.7 అంగుళాలే. సరిగ్గా సంతకాలు, వేలిముద్రలు ఉండే అడుగు భాగమే బయట మిగిలిపోతుంది. రెండుసార్లు తీసి అతికించడం కన్నా, కెమెరాను స్టాండుకు పైనుంచి కిందికి బిగించడం మేలనుకున్నాం. 6000 బై 4000 పిక్సెళ్ల కెమెరాతో అంగుళానికి 400 చుక్కల లెక్కన 15 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు పడుతుంది. ఫుల్‌స్కేప్ హాయిగా సరిపోతుంది. రెండువైపులా ఒకే రకం ఎల్ఈడీ దీపాలు, పక్కన ఒక స్కేలు, రంగుల పట్టీ.

మూలప్రతి టిఫ్ ఫైలు. కుదించకుండా దాస్తే ఒక ఫుల్‌స్కేప్ పేజీ దాదాపు 50 ఎంబీ వస్తుంది. అంటే వెయ్యి పేజీలకు 50 జీబీ. చదువుకోవడానికి చిన్న జేపెగ్ వేరుగా. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి కంప్యూటరు లెక్కగట్టే గుర్తింపు అంకె) తీసి పట్టికలో పెడుతున్నాం, రేపు ఒక్క అక్షరం చెడినా తెలియాలి. ఇవన్నీ కాస్త ఎక్కువ జాగ్రత్తలని కొందరికి అనిపించవచ్చు. ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపిన ఫొటోలను ఒకసారి పెద్దవి చేసి చూడండి, వేలిముద్ర గీతలు ఒక్కటీ కనిపించవు.

వెనకవైపు ఖాళీగా ఉన్నా స్కాను చేయాల్సిందే అని నియమం పెట్టాం. దాని ఫలితం వచ్చే వారం రాస్తాను.

ఆగస్టు, రెండో వారం

అర్జీల వెనకవైపు.

ముందువైపు చేతిరాత ఎక్కువగా కరణాలదో, ఊరి బడిపంతులుదో. "మహారాజశ్రీ" అని మొదలై "చిత్తగించవలెను" అని ముగుస్తుంది. అర్జీదారు గొంతు ఆ మర్యాదల మధ్య ఎక్కడో ఒక వాక్యంలో బయటపడుతుంది. బంజరు పట్టా, తకావీ (రైతులకు సర్కారు ఇచ్చే) అప్పు, బావి, శ్మశానానికి దారి, బడికి రెండో పంతులు, పోలీసు కేసు, కొడుక్కి ఉద్యోగం. వెనకవైపు పెద్దతాతయ్య చేతిరాత. పెన్సిలుతో రెండు మూడు ముక్కలు: ఎవరికి రాశారు, ఎప్పుడు కలిశారు, ఏం చెప్పారు. ఒక్కో అర్జీ వెనక ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి, వేర్వేరు నెలల్లో. ఒక బావి అర్జీ వెనక ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయారు. తాసీల్దారుకు, తర్వాత కలెక్టరుకు, 1959లో పంచాయతీ సమితులు వచ్చాక సమితికి. చివరి ముక్క "నీరు పడింది".

ఆ మూడు స్థాయిలూ ఒకే కాగితం వెనక కనిపించడం చరిత్ర చదివేవాళ్లకు ఎంత విలువైనదో చెప్పలేను. పంచాయతీరాజ్ మీద బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసులు, 1959 చట్టం, ఆ అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ గారి ప్రారంభోత్సవం, ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో చదివాం. ఒక పల్లె బావి కోసం తిరిగిన మనిషికి ఆ మార్పు వల్ల ఏ గుమ్మం మారిందో ఈ పెన్సిలు ముక్కలు చెబుతున్నాయి.

పెన్సిలు గీతలు వెలిసిపోయినచోట దీపాన్ని పక్కనుంచి, బాగా కిందికి దించి పెడితే ఒత్తుడు గుర్తులు కనిపిస్తాయి. వెనకవైపు ఫొటోలన్నీ రెండుసార్లు తీస్తున్నాం, మామూలు వెలుతురులో ఒకటి, పక్క వెలుతురులో ఒకటి.

ఆగస్టు, ఆఖరు

తేదీలు లేని కాగితాలు ఒక గుట్ట. వాటికి కాలం కట్టడానికి పిల్లలకు ఇచ్చిన ఆనవాళ్లు ఇక్కడ కూడా పెడుతున్నాను, ఇంకెవరికైనా పనికొస్తాయి.

ఇన్‌లాండ్ లెటరు అయితే 1950 అక్టోబరు తర్వాతిదే. కాగితం మీద అచ్చయిన తపాలా వెల చూడాలి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయింది. నయా పైసలంటే 1957కూ 1964కూ మధ్య. 1964 జూన్ నుంచి "నయా" పోయి ఉత్త పైసలే. పిన్‌కోడు గడులుంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. తపాలా ముద్రలో తేదీ అలుక్కుపోయినా ఊరి పేరు దొరుకుతుంది.

శిస్తు రసీదుల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలై 1 నుంచి. ఫసలీ 1365 అంటే 1955 జూలై మొదలు 1956 జూన్ ఆఖరు. తెలుగు సంవత్సరం పేరు రాసిన ఉత్తరాలు ఇంకా తేలిక. మన్మథ నామ సంవత్సరం 1955లో ఉగాదికి మొదలైంది, వికారి 1959లో, పరాభవ 1966లో. తిథి కూడా ఉంటే పాత పంచాంగంతో రోజు దాకా కట్టవచ్చు. పల్లెల నుంచి వచ్చిన సొంత ఉత్తరాల్లో ఎక్కువమంది తిథులే వేశారు.

కచ్చితమైన తేదీకీ మేం కట్టిన తేదీకీ పట్టికలో వేర్వేరు గడులు పెట్టాం. ఏ ఆధారంతో కట్టామో మూడో గడిలో.

సెప్టెంబరు, మొదటి వారం

ఎన్నికల కరపత్రాలు తెరిచాం. 1954 నవంబరులో ప్రకాశం గారి మంత్రివర్గం మద్యనిషేధం వివాదంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, ఆ తర్వాత వచ్చినవే 1955 ఎన్నికలు. 196 స్థానాల సభలో కమ్యూనిస్టులకు 15 దక్కాయి. కాంగ్రెసు, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ కలిసి ఐక్య కూటమిగా నిలబడటం దానికి ఒక కారణం. అప్పటి ఓటింగు పద్ధతి ఇప్పటి పిల్లలకు వింతగా ఉంది. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు, ఓటరు చీటీని తనకు నచ్చిన పెట్టెలో వేయాలి. అందుకే కరపత్రాల్లో బొమ్మ పెద్దది, పేరు చిన్నది, "ఈ పెట్టెలోనే" అని కింద రాత. రెండువైపుల పార్టీల కరపత్రాలూ దాచారు పెద్దతాతయ్య. తన్ను తిట్టిన కాగితాలను కూడా తారీఖు వేసి మరీ ఉంచుకున్నారు. కుటుంబంలో ఒకరు అవి తీసేద్దామన్నారు. ఉంచాల్సిందేనన్నాను, అత్తయ్య కూడా నా మాటే అన్నారు.

సెప్టెంబరు, మూడో వారం

కాలువ కట్టలు. ఇక్కడ ఎక్కువ రోజులు ఆగిపోయాం, ఆగాల్సిన చోటే.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ గారి చేతుల మీదుగా. నడుమ దాదాపు పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్ల ఎదురుచూపు ఈ కట్టల్లో ఉంది. తొలి అర్జీలు కూలిపని కోసం: డ్యాం దగ్గర రాయి మోసే పనికి మా ఊరివాళ్లను తీసుకోండని. తర్వాత భూమి పోయినవాళ్ల పరిహారం. తర్వాత అన్నిటికన్నా పెద్ద గుట్ట, కాలువ దారి గురించి.

కుడి కాలువ నీరు పల్లానికి తనంతట తాను పారే నీరు. కాలువ తవ్విన మట్టం కన్నా కిందున్న పొలానికే అందుతుంది, పైనున్న పొలానికి ఎత్తిపోయాలి. పల్నాడులో మెట్టలు, గుట్టలు ఎక్కువ. కాబట్టి కాలువ గీత ఒక ఫర్లాంగు అటు జరిగితే ఒక ఊరికి మాగాణి, ఇటు జరిగితే అదే ఊరు కాలువ పక్కనే ఉండి కూడా వానకోసం చూడాలి. ఈ సంగతి ఇంజనీర్లకన్నా ముందే రైతులకు తెలుసు. కొందరు అర్జీలో తమ పొలాలు, చెరువు, గుట్ట గీసి, కాలువ ఎక్కడినుంచి పోవాలో గీత కూడా గీశారు. జవాబుగా వచ్చిన ఇంజనీరు ఉత్తరాలు ఇంగ్లీషు టైపులో, మట్టాల అంకెలతో. ఆ అంకెలను పెద్దతాతయ్య పక్కన తెలుగులో విడమరిచి రాసుకున్నారు, ఊళ్లో చెప్పడానికి. ఒకచోట అడ్డంగా గీసిన చిన్న బొమ్మ: పైన ఊరు, కింద కాలువ, మధ్యలో ఎన్ని అడుగులో. ఆ ఊరికి నీళ్లు రావని చెప్పక తప్పని రోజున తీసుకెళ్లిన కాగితం అయ్యుండాలి, నాలుగు మడతల మీద అరిగిపోయింది.

రైతులు గీసిన పటాలను విడిగా, మడతలు తెరిచి, పెద్ద ఫోల్డర్లలో పరిచి పెట్టాం. నీటిపారుదల చరిత్ర రాసేవాళ్లు డ్యాం గురించి, కాలువ పొడవు గురించి చాలా రాశారు. నీళ్లు అందనివాళ్లు తమ నేలను ఎలా చూశారో చెప్పే పటాలు ఇవి.

గమనించాల్సింది ఇంకొకటి. 1962లో ఆయనకు టికెట్ రాలేదు. అర్జీలు ఆగలేదు. కవరు మీద "మాజీ శాసనసభ్యులు" అని చేరింది, అంతే. వెనకవైపు పెన్సిలు ముక్కలూ ఆగలేదు. కాలువ అర్జీల్లో పెద్ద భాగం ఆయన పదవిలో లేనప్పుడు వచ్చినవే. కట్టల జాబితాలో ఆయన పదవీకాలం దగ్గర గీత గీసి, తర్వాతివి వ్యక్తిగతం అని విడగొట్టడం మామూలు పద్ధతి. ఇక్కడ ఆ గీత గీయడం లేదు. ఆయన దగ్గర పని ఆగని చోట మేం ఆపడం సరికాదు.

అక్టోబరు, రెండో వారం

పెద్దమామ్మ జమాఖర్చుల పుస్తకాలు. వీటిని "కుటుంబ కాగితాలు" కింద వేరు చేసి పక్కన పెట్టబోయారు పిల్లలు. నాలుగు పేజీలు చదివాక ఎవరూ ఆ మాట అనలేదు. ప్రతి రోజూ కింద ఒక వరస: ఎంతమంది వచ్చారు, ఏ ఊరివాళ్లు, ఎందరికి అన్నం, ఎందరికి మజ్జిగ. పేర్లు లేవు, ఊళ్లున్నాయి. సభ జరుగుతున్న రోజుల్లో పెద్దతాతయ్య ఊళ్లో లేనప్పుడు కూడా జనం వచ్చారు, అన్నం తిన్నారు, కాగితం ఇచ్చి వెళ్లారు. కొన్ని అర్జీల మీద రాక తేదీ ఆమె చేతిరాతలో ఉందని ఇప్పుడు పోల్చుకోగలిగాం. రెండు చేతిరాతలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే అత్తయ్య చాలాసేపు చూశారు. "అమ్మ కాగితం తీసుకోకుండా ఎవర్నీ పంపేది కాదు" అన్నారు.

తేదీ లేని అర్జీలకు కాలం కట్టడానికి ఈ పుస్తకాలు చాలా ఉపయోగపడుతున్నాయి. ఫలానా ఊరివాళ్లు ఫలానా రోజు వచ్చారని పుస్తకంలో ఉంటే, ఆ ఊరి అర్జీ ఆ రోజుదని ఊహించవచ్చు. అది ఊహ అని పట్టికలో రాస్తున్నాం.

కాగితాల జాబితా మీద ఇద్దరి పేర్లూ ఉండాలని నిర్ణయించాం. ఇందులో నా పట్టు ఎక్కువ. దస్త్రాన్ని తయారుచేసింది ఇద్దరు, పదవి ఒక్కరిది.

నవంబరు, మొదటి వారం

అత్తయ్య షరతు ఇప్పుడు చెబుతాను. "అమ్మాయ్, నాన్న నమ్మకం మీద జనం చెప్పుకున్నవి ఇవి. మీ తాత తాగొచ్చి కొట్టేవాడట అని రేపెవరి మనవడికో తెలియకూడదు." అంటే ఇంటి గుట్టు, ఆడవాళ్ల కష్టాలు, కుల తగాదాలు ఉన్న అర్జీలు బయటపెట్టకూడదు.

నాకు ఇది సబబుగానే తోచింది, కానీ కాల్చేయడం ఒకటి, మూసి ఉంచడం ఒకటి. అలాంటి కాగితాలను వేరే కవరులో పెట్టి, ఫలానా సంవత్సరం దాకా తెరవకూడదని రాసి సీలు వేసి ఇచ్చే పద్ధతి ఉంది. కట్టలో అవి ఉన్నచోట ఒక చీటీ ఉంటుంది, అక్కడ ఒక కాగితం ఉందని మాత్రమే తెలుస్తుంది. ఇప్పటికి చిన్నపిల్లలైన వారసుల తరం కూడా దాటేలా గడువు పెట్టాలని అత్తయ్యతో మాట్లాడుకున్నాం. ఆమె ఒప్పుకున్నారు. జాబితాలో కూడా ఆ అర్జీల్లోని మనుషుల పేర్లు రాయకుండా, ఊరు, విషయం తరహా మాత్రమే వేస్తున్నాం.

చట్టం సంగతులు కొన్ని తెలుసుకున్నాను. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల దస్త్రాలకు సంబంధించినది, ఇంట్లోని సొంత కాగితాలకు కాదు. కానీ ప్రభుత్వ ఫైలు అసలు ప్రతి ఏదైనా ఇంట్లో దొరికితే అది మనది కాదు, తిరిగి ఇవ్వాలి. ఉత్తరాల విషయంలో కాగితం అందుకున్నవారిది, అందులోని రాత మీద కాపీరైటు రాసినవారిది, తర్వాత వాళ్ల వారసులది. కాబట్టి మన దగ్గరికి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ యథాతథంగా అచ్చు వేసే హక్కు మనకు రాదు. పరిశోధకులు వచ్చి చదువుకోవచ్చు.

నవంబరు, ఆఖరు

ఎక్కడ పెట్టాలి?

ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం సొంత కాగితాలను స్వీకరిస్తుంది. తీన్‌మూర్తి భవన్‌లోని లైబ్రరీ కూడా, పేరు మారినా ఇప్పటికీ దేశంలో నాయకుల కాగితాలకు పెద్ద నిలయం. వసతులు అక్కడ ఉన్నాయి, చల్లటి గదులు, మరమ్మతు చేసే నిపుణులు. కానీ ఆ కాలువ పటం గీసిన రైతు మనవరాలు ఢిల్లీ వెళ్లి చూడదు. మరోవైపు, దగ్గర్లో పెడితే ఆ గది చల్లదనం, చెదల మందు, తాళం ఎవరు చూస్తారు? వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం వంటి చోట్ల పాత పత్రికలను మన ప్రాంతం వాళ్లే దశాబ్దాలుగా కాపాడుకొచ్చారు కాబట్టి ఇక్కడ కాదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఇప్పటికి కుటుంబంతో కుదిరిన మాట ఇది. కాగితాలు దానంగా ఇద్దాం, కొంతకాలం భద్రపరచమని అప్పగించడం కాదు. అప్పగింత అయితే రేపు ఇంకెవరో వెనక్కి అడిగి పంచుకుంటారు. దానపత్రంలో నాలుగు ముక్కలు ఉండాలి: కట్టల వరస మార్చకూడదు, అర్జీలను ఏరి పారేయకూడదు, మూసిన కవర్ల గడువు పాటించాలి, స్కాన్ల పూర్తి ప్రతి పల్నాడులో ఒక లైబ్రరీలో జనానికి అందుబాటులో ఉండాలి. ఈ షరతులకు ఒప్పుకునే సంస్థకే ఇస్తాం. ఇద్దరితో ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి.

రెంటచింతల స్టేషను దాకా స్కానింగు అయింది. మాచర్ల కట్టలు, అటక మీది గోనె సంచిలోవి మిగిలాయి. సభలో వేసిన ప్రశ్నల కార్బన్ నకళ్లను ముద్రిత సభా చర్చల సంపుటాలతో పోల్చే పని ఇంకా మొదలు కాలేదు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు కూడా వేయవచ్చు. కాబట్టి ఏ ఊరి అర్జీ ఏ ప్రశ్నగా మారిందో, ఆ ప్రశ్నకు ఏం జవాబు వచ్చిందో, ఆ జవాబు అర్జీ వెనక్కి ఎలా చేరిందో మూడింటినీ కలపాలి. డిసెంబరులో సెలవులివ్వగానే పిల్లలు హైదరాబాదు వెళ్తున్నారు, మొదట బావుల ప్రశ్నలు పట్టుకోమన్నాను.